పావు మిల్లీమీటరు

నా కోటు చేతి మీద రక్తం నాది కాదు. ఆసుపత్రిలో నా ఎదురు కుర్చీలో గడ్డం మనిషి చాలాసేపటి నుంచీ దానివంకే చూస్తున్నాడు, చూసుకోనీ, వాడి ముక్కు ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, మోకాళ్ళ దాకా బురద, పక్కన ఇద్దరు స్నేహితులు ఆ ముక్కు మీద జోకులేసుకుని పడీ పడీ నవ్వుతున్నారు, ఆదివారం మధ్యాహ్నం రాచ్‌డేల్‌లో సగంమంది మగవాళ్ళు రగ్బీ పేరు చెప్పి ఒకరినొకరు ఇష్టపడి విరగ్గొట్టుకుంటారు, ఆనక కలిసి బీరు తాగుతారు. నేనూ ఇష్టపడే కొట్టాను. చెయ్యి జారి కాదు, కళ్ళు తిరిగి కాదు. సుత్తి ఎత్తాను, ఎక్కడ పడాలో చూశాను, అక్కడే పడింది. మా అన్న క్లిఫర్డ్ కుడిచేతి మీద, చూపుడువేలూ మధ్యవేలూ ఆనుకుని ఉన్న చోట. వాణ్ణి ఆ రెండు రెక్కల తలుపు వెనక్కి తీసుకెళ్ళి అరగంటయింది. వేళ్ళు ఉంచుతారో తీసేస్తారో చెప్పేవాళ్ళు లేరు. రాగానే నీలం బట్టల నర్సు "ఎలా జరిగిందమ్మా?" అని నన్నే అడిగింది, నేను నోరు తెరిచేలోపే వాడు, ముఖంలో నెత్తురుచుక్క లేకుండా, పళ్ళు బిగబట్టి, "బెంచి వైస్ జారి మీద పడిందండీ, సరిగ్గా బిగించలేదు, నా తప్పే" అన్నాడు. ఆవిడ రాసుకుంది. నేను నోరు మూసుకున్నాను. మూసుకున్నానే! నేను, నోరీన్ హిండిల్‌ని, ఈ ఊళ్ళో ఎవరూ మూయించలేని నోరు, అదే మూసుకుంది.

వైసంట, సామాను కదలకుండా పట్టుకునే ఆ ఇనుప దవడ. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో లోహాన్ని తిప్పి చెక్కే లేతు మిషను మీద పనిచేసిన మనిషికి వైస్ బిగించడం రాదంట. ఎవరైనా నమ్ముతారా, ఆ నర్సు మాత్రం నమ్మిందా, రాస్తూ రాస్తూ ఒకసారి నా చేతుల వంక చూసింది. చూడదగ్గ చేతులే. కుడి బొటనవేలి మీద చర్మం చర్మంలా లేదు, కాలీ ఊడీ మళ్ళీ కాలీ మొద్దుబారిపోయింది, సూది గుచ్చినా తెలియదు. బొమ్మరైళ్ళ ఎగ్జిబిషన్లలో తాడుకి అవతల నిలబడి అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఇవన్నీ చేత్తో చేశారా, ఒక్కో పాయింటుకీ ఎంతవుతుందండీ, అని. రైలు ఒక దారి వదిలి ఇంకో దారి పట్టే చోటు పాయింటు, ఆ చోట పట్టా చీలుతుంది. అసలు రైలుకి ఇనుపపట్టా, బల్లల మీద మేం పరిచిన బొమ్మరైలు లేఅవుట్‌లో ఇంజనే అరచేతిలో పడుకుంటుంది, దాని పట్టా అగ్గిపుల్లంత మందం కూడా ఉండదు. దుకాణంలో పెట్టెలో పెట్టి అమ్ముతారు, కొని అంటిస్తే సరి, మా క్లబ్బులో అలాంటిది పెట్టినవాడితో టీ కూడా తాగరు. పట్టా కింది చెక్కల మధ్య దూరం తప్పు, వంపు తప్పు, మేం నకలు తీస్తున్న 1936 నాటి మా లోయ పట్టా అది కాదు, కాబట్టి పాపం. ఎంతవుతుందంటే సరుకుకి పెద్ద ఏమీ కాదండీ, ఒక మాంసం రొట్టె, ఒక కప్పు టీ, అంతే, అని నవ్వుతూ చెప్పేదాన్ని. నవ్వుతూ! ఇవాళ ఎవరైనా అడగాలి. పళ్ళు రాలగొడతాను.

ఎవరో పిల్లాణ్ణి ఎత్తుకుని పరిగెత్తుకుంటూ వచ్చారు, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, ఆ రెక్కల సందులోంచి వాసన, ఆసుపత్రి వాసన కాదు, నా ముక్కులోనే ఉన్న వాసన అది, టంకానికి ముందు పూసే ఆమ్లం కాలినప్పటి వాసన, తొమ్మిదేళ్ళుగా నా జుట్టులో, నా దిండులో, నేను చేసిన రొట్టెలో కూడా ఉందని మా ఆయన టెడ్ అనేవాడు. "నిన్ను ముద్దు పెట్టుకుంటే బ్యాటరీ నాకినట్టుందే" అనేవాడు. తర్వాత అనడం మానేశాడు. ఆ తర్వాత ముద్దు పెట్టుకోవడం కూడా మానేశాడు. ఇప్పుడు స్కార్‌బరోలో ఎవరితోనో ఉన్నాడు, ఆవిడకి కుక్కలంటే ఇష్టమట, హాయిగా ఉండనీ. టెడ్ వెళ్ళిపోయిన సాయంత్రం నేను పద్నాలుగో పాయింటులో దారి మార్చడానికి పక్కకి కదిలే నాలుకపట్టా ఆకురాయి మీద పెట్టి అరగదీస్తున్నాను, గడ్డిపరకంత పలచన అవ్వాలి దాని కొస, గట్టిగా ఊపిరి వదిలితే వంగుతుంది, అందుకని ఊపిరి బిగబట్టి ఉన్నాను. టెడ్ గుమ్మంలో పెట్టెతో నిలబడి ఏదో అన్నాడు, నేను వేలెత్తాను, ఒక్క నిమిషం ఆగమని. వాడు ఆగలేదు. కొస మాత్రం బాగా కుదిరింది.

అంతా క్లిఫర్డ్ మొదలెట్టిందే. నేను రేడియోల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు టంకం వేశాను, వరసలో పాతికమంది ఆడవాళ్ళం, ఫోర్‌మన్ నా బోర్డులు తీసి కొత్తవాళ్ళకి చూపించేవాడు, చూడండి, నోరీన్ టంకం చుక్క కన్నీటిబొట్టులా ఉంటుంది అని. ఫ్యాక్టరీ మూసేశాక ఆ చేతులు నా ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. నాకంటే ఏడాదిన్నర పెద్ద మా అన్న, చిన్నప్పట్నించీ నోట్లో నాలుక లేనివాడు, నేను మాట్లాడితే తాను తల ఊపేవాడు, ఒక మంగళవారం వచ్చి, "చాపెల్ హాల్లో మా క్లబ్బుకి రా. నేను ఇంజన్లు చేస్తా, పట్టాలు పరుస్తారు వాళ్ళు, పాయింట్లు చేసే చేతులు మా దగ్గర లేవు. నీ చేతులైతే..." అన్నాడు. రుమాలులో చుట్టి ఒకటి ఇచ్చాడు. గేజ్. ఇత్తడి బొడిపె, నా చిటికెనవేలంత, అంచుల్లో రెండు గాడులు, పట్టాలు రెండూ ఆ గాడుల్లో కూర్చుంటే మధ్య దూరం సరిగ్గా వస్తుంది, అప్పుడు టంకం వేయాలి. "దుకాణంలో దొరుకుతుంది కానీ, నీకోసం నా లేతు మీద నేనే తిప్పి చేశాను" అన్నాడు. నాకు పుట్టినరోజులకి మేజోళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వని మనిషి! దాన్ని నేను మెడలో వేసుకున్నంత పని చేశాను. క్లబ్బులో ఎవరి గేజూ ముట్టలేదు. నాకెందుకు, నా దగ్గర మా అన్న తిప్పింది ఉంది, అని చెప్పేదాన్ని. వాడి ఎదురుగానే చెప్పేదాన్ని. వాడు తల ఊపేవాడు.

టీ మిషను దగ్గర ఒక ముసలావిడ నాణెం వేసి బోర్లించిన కప్పు ఎలా తీయాలో తెలియక మిషన్ని తన్నుతోంది. తన్ను తల్లీ, ఇంకా గట్టిగా తన్ను. ఒక పాయింటుకి ముప్పై గంటలు. అలాంటివి ముప్పై ఎనిమిది. రెండు పట్టాల్ని ఆకురాయి మీద అరగదీసి మొన దగ్గర ఒకటి చేయాలి, ఆ మొన మీదే చక్రం దూకి అవతలి పట్టా అందుకుంటుంది, వెంట్రుక మందం తేడా వచ్చినా ఇంజను కుంటుతుంది. కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టుకుని, దీపం కింద మెడ విరిగేట్టు కూర్చుని, గేజ్ పెట్టు, నొక్కు, టంకం వెయ్యి, ఊదు, గేజ్ జరుపు, నొక్కు. బెక్‌సైడ్ జంక్షన్ అని పేరు పెట్టారు లేఅవుట్‌కి, చాపెల్ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, మా తాత పోర్టరుగా పనిచేసిన స్టేషన్ని చూసి చేసింది, స్టేషన్ ముందు దారులు చీలే చోట పట్టాలన్నీ నావే. ఇంజన్లు పరిగెత్తేవి. నా పాయింట్ల మీద క్లిఫర్డ్ ఇంజన్లు నూనెలో జారినట్టు పోయేవి, ఒక్కటి, ఒక్కసారి, పట్టా తప్పలేదు ఇన్నేళ్ళలో. నేను వేరే క్లబ్బులవాళ్ళ లేఅవుట్ల దగ్గర నిలబడినప్పుడు వాళ్ళ ఇంజను పాయింటు దగ్గర తడబడితే, మా నోరీన్ నవ్వు ఆ హాలు చివరిదాకా వినిపిస్తుందని మావాళ్ళు అనేవారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, అంతే, అవును, గర్వమే. ఆ గర్వం తప్ప నాకేం మిగిలిందని?

నాకు కోపం వస్తే చెవుల్లో నీళ్ళు మరిగిన చప్పుడవుతుంది. ఇవాళ పొద్దున, మా లాంకషైర్‌కి ఎప్పుడూ పడని యార్క్‌షైర్‌లోని హడర్స్‌ఫీల్డ్ నుంచి రేమండ్ వచ్చినప్పుడు కూడా అదే చప్పుడు. వచ్చే శనివారం హాలిఫాక్స్‌లో ఎగ్జిబిషన్, మా ఇంజన్లు చాలవని అతను రెండు తెస్తానన్నాడు, పెద్దమనిషి, టై కట్టుకుని వచ్చాడు, ఇంజన్ని పత్తిలోంచి తీసి పట్టాల మీద పెట్టాడు. క్లబ్బువాళ్ళు పరిచిన మామూలు పట్టా మీద బాగానే నడిచింది. నా మొదటి పాయింటు దగ్గరికి రాగానే టక్‌మని ఎగిరి పక్కకి పడింది. రెండోదాని మీద కూడా టక్. మూడోదీ అంతే. నేను చేతులు కట్టుకుని చూస్తున్నాను, పక్కన క్లిఫర్డ్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు, నేను అది పట్టించుకోలేదు, పట్టించుకోవాల్సింది. "మీ చక్రాలు చూసుకోండి" అన్నాను. "అమ్మా, ఈ ఇంజను స్కాట్లండ్ దాకా తిరిగొచ్చింది, ఎక్కడా పడలేదు. మీ లాంకషైర్ గాలి దానికి పడలేదేమో" అన్నాడతను, మర్యాదగానే. "యార్క్‌షైర్ సరుకు దారి తప్పడం కొత్తేమీ కాదులెండి" అన్నాను. క్లబ్బువాళ్ళు ఇద్దరు నవ్వారు. రేమండ్ నవ్వలేదు, కోటు జేబులోంచి తన గేజ్ తీశాడు, దుకాణం గేజ్, ఉక్కుది, నా పాయింటు మీద పెట్టాడు. అది కూర్చోలేదు. ఇంకో పాయింటు మీద పెట్టాడు. కూర్చోలేదు. నా ముఖం చూసి గేజ్ బల్ల మీద పెట్టేసి, "నేను అలా వెళ్ళి మాంసం రొట్టె తినొస్తా, మీరు మాట్లాడుకోండి" అని నవ్వినవాళ్ళిద్దర్నీ కూడా వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ జాలి ఉంది చూశారూ, చెంపదెబ్బ నయం.

హాల్లో మేమిద్దరమే. నేను నా ఇత్తడి గేజ్ తీసి దాని పక్కన పెట్టాను. కంటికి తేడా తెలియదు. "దుకాణందే తప్పయి ఉంటుంది" అన్నాను, ఇంకా అంటున్నాను, ఎంత వెర్రిదాన్ని! "కాదు నోరీన్" అన్నాడు క్లిఫర్డ్. బూట్ల వంక చూస్తూనే. "నాదే. పావు మిల్లీమీటరు తక్కువ తిప్పాను. నీ పాయింట్లన్నీ పావు మిల్లీమీటరు ఇరుకు." మరి మన ఇంజన్లెలా నడుస్తున్నాయి, అన్నాను. ఆ ప్రశ్న అడుగుతున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చక్రాలు లోపలికి నొక్కాను. ఇరుసు మీద ఒక్కోదాన్నీ కాస్త లోపలికి. ఇంజన్లవీ, పెట్టెలవీ, అన్నిటివీ. గురువారాలు నువ్వు రావు కదా, అప్పుడు." రెండొందల డెబ్భై ఇరుసులు. ఐదొందల నలభై చక్రాలు. కూర్చుని, ఒక్కోదాన్నీ నొక్కి, నా తప్పుకి సరిపడేట్టు, కాదు కాదు, వాడి తప్పుకి సరిపడేట్టు, నా తప్పు అయి కూర్చున్న వాడి తప్పుకి! ఎప్పట్నించి తెలుసు, అని అడిగాను. "పన్నెండోది అయ్యాక, ఒక గురువారం మొదటిసారి ఇంజను పెట్టి చూసినప్పుడు. ఆరేళ్ళవుతోంది."

ఆరేళ్ళు. పన్నెండోది. అంటే పదమూడు, పద్నాలుగు, టెడ్ పోయినప్పటి పద్నాలుగు, ఇరవై, ముప్పై, ఇవన్నీ తెలిసి, తప్పని తెలిసి, పక్క బల్ల దగ్గర కూర్చుని చూస్తూ, "బాగుంది నోరీన్" అంటూ, టీ పోసిస్తూ. ఎన్ని గంటలు అది, నేను లెక్కలు కట్టేదాన్ని కాదు, కానీ అప్పుడు, ఆ హాల్లో, బుర్ర తనంతట తానే కట్టింది, ఇరవై ఆరు ముప్పైలు, ఇరవై ఆరు పాయింట్లు, ఒక్కోదానికీ నా మెడ, నా కళ్ళు, నా బొటనవేలు, తప్పు కోసం. పెట్టెలో దుకాణం సరుకు తెచ్చి పెట్టి ఉంటే రేమండ్ ఇంజను హాయిగా నడిచేది. కుక్క ముట్టుకోని ప్లాస్టిక్కు సరిగ్గా ఉండేది, నాది ఉండేది కాదు. అయినా, అయినా అప్పటికి కూడా నేను కొట్టలేదు, దేవుడి మీద ఒట్టు. తిట్టి ఉండేదాన్ని, ఏడ్చి ఉండేదాన్ని, ఒక నెల మాట్లాడకుండా ఉండేదాన్ని. వాడే గోకుడు బ్లేడు తీసుకుని నా మొదటి పాయింటు కిందకి దూర్చాడు. "రేమండ్ వచ్చేలోపు ఇదైనా పీకి సరిచేద్దాం. ఆ సుత్తి ఇలా ఇవ్వు" అన్నాడు. బల్ల కాళ్ళకి మేకులు కొట్టే రెండు పౌన్ల సుత్తి. ఇద్దామనే తీశాను. చెయ్యి చాచాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది ఇరవై మూడోది.

ఇరవై మూడో పాయింటు మంగళవారం సాయంత్రం. నాలుగేళ్ళ కింద. వృద్ధుల ఆశ్రమం నుంచి ఫోను, అమ్మకి బాగాలేదు, ఇంక ఎక్కువసేపు ఉండదు, ఇద్దరూ వస్తే మంచిది అన్నారు. ఫోను క్లిఫర్డే ఎత్తాడు. నేను మొన దగ్గర ఉన్నాను, రెండు పట్టాలూ గేజ్‌లో బిగించి ఉన్నాయి, టంకం కరిగి మెరుస్తోంది, ఆ క్షణంలో వదిలేస్తే రెండు వారాల పని పోతుంది. వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వది పూర్తిచేసి రా. నేను ముందు వెళ్తా. అమ్మ ఎక్కడికీ పోదులే" అన్నాడు. ఎంత మంచివాడు మా అన్న అనుకున్నాను. నలభై నిమిషాలు పట్టింది. బాగా చల్లారనిచ్చాను, ఆకురాయితో అంచులు తుడిచాను, దీపం ఆర్పాను, బస్సెక్కాను, వాన. నేను వెళ్ళేసరికి దుప్పటి గడ్డం దాకా సర్దేశారు. అమ్మ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది. క్లిఫర్డ్ పక్కనే కుర్చీలో కూర్చుని, "బాధ పడలేదు, నిద్రలోనే" అన్నాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను, నా వేళ్ళకి ఆ ఆమ్లం వాసన, అమ్మ చేతికి అంటింది. ఈ నాలుగేళ్ళూ నాకు నేను చెప్పుకున్నది ఒకటే, పోనీలే, కనీసం ఆ మొన మంచి మొన, లేఅవుట్ మొత్తంలో అంతకన్నా మంచిది లేదు, అమ్మ ఉంటే చూసి మెచ్చుకునేది. ఆ పాయింటు తప్పని వాడికి తెలుసు. భుజం మీద చెయ్యి వేసినప్పుడు తెలుసు. రెండేళ్ళ ముందే తెలుసు.

చెవుల్లో నీళ్ళు మరిగాయి. గోకుడు బ్లేడు పట్టుకుని బల్ల మీద పరిచి ఉన్న వాడి చెయ్యి. వెడల్పు చెయ్యి, గోళ్ళలో నూనె, చిన్నప్పుడు బడికి నన్ను రోడ్డు దాటించిన చెయ్యి. సుత్తి ఇవ్వబోయిన నా చెయ్యి పైకి లేచింది. ఎముక చప్పుడు పెద్దగా ఉండదు, పెంకు చప్పుడు, అంతే. వాడు అరవలేదు. రెండోసారి కూడా ఎత్తాను, రెండోసారి ఎత్తినమాట నిజం, ఈసారి పాయింటు మీద వేశాను, మొదటి పాయింటు మీద, తర్వాత దాని పక్కదాని మీద, ఇత్తడి గేజ్ ఎగిరి ఎక్కడో పడింది, తొమ్మిదేళ్ళ పట్టా తుక్కుతుక్కుగా లేచి నా ముఖాన కొట్టుకుంది, సుత్తి ఆగింది ఎప్పుడంటే వాడు నేల మీద కూర్చుని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, "నోరీన్, చాలు, నీకు దెబ్బ తగులుతుంది" అన్నప్పుడు. నాకు దెబ్బ తగులుతుందట! టాక్సీలో తువ్వాలు ముద్ద చేసి వాడి చెయ్యి పట్టుకున్నది నేనే. డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా.

ఇప్పుడు వైస్ పడిందట. మళ్ళీ అదే పని! నా తప్పుకి సరిపోయేట్టు లోకాన్ని కాస్త లోపలికి నొక్కేశాడు, ఎవరికీ తెలియకుండా, ముఖం వంచుకుని, మంచివాడిలా. ఇంకో ఆరేళ్ళు నాకు తెలియకుండా ఇంకేం నొక్కుతాడో. ఇంటికెళ్ళాక అందరికీ అదే చెబుతాడు, వైస్ పడింది, నా తప్పే, నోరీన్ పాపం నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది అని. వాళ్ళంతా నాకు కేకులు తెస్తారు. నేను తింటాను. ఛీ, నా బతుకు! ఇంకో పది నిమిషాలు ఇక్కడ కూర్చుంటే నేను కూడా ఆ వైస్‌ని నమ్మడం మొదలెడతానని భయమేసింది, నిజంగా భయమేసింది, అంతకుముందు సుత్తి ఎత్తినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

తలుపు రెక్క తోసుకుని నర్సు వచ్చింది. వెనకాల కారిడార్‌లో చక్రాల కుర్చీలో క్లిఫర్డ్, చెయ్యి తెల్లటి మూటలా పైకి కట్టి ఉంది. "సర్జన్ చూశారమ్మా. మధ్యవేలు ఉంచగలమనుకుంటున్నాం. చూపుడువేలు కష్టం, మొదలు దాకా నలిగిపోయింది" అంది ఆవిడ. "ఆపరేషన్‌కి తీసుకెళ్తున్నాం." చూపుడువేలు లేకుండా లేతు తిప్పలేరు. ఆకురాయి పట్టలేరు. నా నోరు తెరుచుకుంది.

"వైస్ పడలేదు. నేను కొట్టాను. సుత్తితో. చూసే కొట్టాను" అన్నాను.

నర్సు కాగితం వంకా నా వంకా చూసింది. రగ్బీ వాళ్ళ నవ్వు ఆగిపోయింది. "దాని మాట పట్టించుకోకండి" అన్నాడు క్లిఫర్డ్ కుర్చీలోంచి, మెల్లగా, ఎప్పటిలాగే. "రక్తం చూసి కంగారు పడింది. వైసే పడింది."

"నాకోసం ఇంకొక్కటి సర్దావంటే ఆ రెండో చెయ్యి కూడా విరగ్గొడతాను, క్లిఫ్!"

నా అరుపుకి పిల్లాడెవడో ఏడుపందుకున్నాడు. క్లిఫర్డ్ ముఖంలో ఏదో కదిలింది. అరవై ఏళ్ళు చూసిన ముఖం అది, అయినా అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, నర్సు పట్టుకోబోతే మంచి చేత్తో తోసేశాడు.

"సర్దకపోతే ఏం చెయ్యమంటావే?" అని అరిచాడు. మా అన్న అరిచాడు! "నీకు తప్పయిందని చెప్పి బతికినవాడెవడే? చిన్నప్పట్నించీ నీ నోటికి ఇల్లంతా వణికేది. అమ్మ వణికేది, టెడ్ వణికేవాడు. గేజ్ తప్పు తిప్పానని తెలిశాక మూడు మంగళవారాలు చెబుదామని వచ్చానే, మూడుసార్లూ నీ ముఖం చూసి టీ పోసి వెళ్ళిపోయా. సిగ్గేసింది. భయమేసింది. చక్రాలు నొక్కడమే తేలికనిపించింది. ఒక్కో చక్రం నొక్కుతూ నిన్ను తిట్టుకునేవాణ్ణి తెలుసా, ఐదొందల నలభైసార్లు తిట్టుకున్నా!"

"మరి అమ్మ?" అన్నాను. "ఆ పాయింటు పనికిరాదని తెలిసి కూడా నన్నెందుకు కూర్చోబెట్టావు?"

ఇది మర్చిపోయాడేమో, తెలియకుండా అన్నాడేమో, అలా అంటాడేమో అని నాలో ఎక్కడో ఇంకా ఆశ ఉంది. వాడు నా కళ్ళలోకి చూశాడు.

"కావాలనే. కావాలనే కూర్చోబెట్టా. నువ్వొస్తే ఆ గదిలో నీ మాటే ఉంటుంది, నీ ఏడుపే ఉంటుంది, నేను గోడకి ఆనుకుని నిలబడాలి. ఒక్క అరగంట, పుట్టి బుద్ధెరిగాక ఒక్క అరగంట అమ్మ నాకొక్కడికే కావాలనిపించింది. నా చెయ్యి పట్టుకుంది. నీ పేరు అడిగింది. వస్తోందిలే అని చెప్పా. ఇది చెప్పమన్నావుగా, చెప్పా. నా చెయ్యి, నోరీన్! నా కుడిచెయ్యే!"

ఆ చివరి మాట దగ్గర గొంతు చీలిపోయి కుర్చీలో కూలబడ్డాడు. కట్టులోంచి ఎర్రగా ఊరుతోంది. ఇంకో నర్సు పరిగెత్తుకొచ్చింది, నీలం బట్టలావిడ గోడ మీద ఫోను తీసి పోలీసుల మాట ఏదో చెబుతోంది, చెప్పండి, పిలవండి, అన్నాను నేను, నా పేరు అక్షరం అక్షరం చెప్పాను. అమ్మ నా పేరు అడిగిందట. నేను అంచులు తుడుస్తున్నప్పుడు అడిగింది. కాళ్ళు వాటంతట అవే క్లిఫర్డ్ వైపు నడిచాయి, కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను, వాడి మంచి చెయ్యి పట్టుకున్నాను, క్షమించమనాలో, నేను నిన్ను క్షమించనని చెప్పాలో తెలియలేదు.

"ఆపరేషన్ గది గుమ్మం దాకా మీవాళ్ళు ఒకరు రావచ్చు" అంది నర్సు వాడితో, నన్ను చూడకుండా. "ఈవిడ రావచ్చా?"

వాడు తన చెయ్యి నా చేతిలోంచి తీసేసుకున్నాడు. నా ముఖం వంక సూటిగా చూశాడు, బూట్ల వంక కాదు.

"వద్దు" అన్నాడు.

కుర్చీ తోసుకెళ్ళారు. నేను మోకాళ్ళ మీదే ఉండిపోయాను. వాడి మాటల్లో ఈసారి నా కోసం సర్దింది ఏమీ లేదు.